నూలు చీర చుట్టిన బరోలో

అమెరికాలో మేముండే క్యారీ నుంచి న్యూజెర్సీకి కారులో వెళ్ళి రావడం మా వాళ్ళలో ఎవరికీ వింత కాదు. నేనే ఇరవై సార్లు వెళ్ళి ఉంటాను. దాని గురించి రాయాలని ఎప్పుడూ అనిపించలేదు. కానీ మొన్న జూలైలో నా వ్యాన్‌లో నడిమి సీటు ఊడదీసి, ఆ చోట పన్నెండు ఇటాలియన్ రెడ్ వైన్ సీసాలు పెట్టుకుని వెళ్ళాను. నాకు అరవై ఒకటి. అప్పటిదాకా వైన్ నాలుక మీద పెట్టి ఎరగను. న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో ఉన్న మా చెల్లెలు ఈ సంగతి ఇప్పటికీ సగమే నమ్ముతోంది. అందుకని అంతా వరసగా రాసేస్తున్నాను.

సీసాలు నావి కావు, నాతో వచ్చిన నిత్యవీ కావు. నిత్య మా పక్కింటి వాళ్ళ అమ్మాయి. మూడేళ్ళప్పుడు మా వంటింట్లో కూర్చుని పెరుగన్నం తిన్న పిల్లకి ఇప్పుడు ఇరవై ఆరు. ఫార్మసీ చదువు రెండేళ్ళు చదివి మానేసింది. మా పక్కనే ఉన్న ర్యాలీ నగరంలో ఒక రెస్టారెంట్‌లో వైన్ చూసుకునే పనిలో చేరింది. వాళ్ళ నాన్న అప్పటినుంచి కూతురితో అవసరానికి మించి మాట్లాడడు. నలుగురిలో ఎవరైనా అడిగితే "హాస్పిటాలిటీలో ఉందండీ" అని మాట దాటేస్తాడు.

ఆ రెస్టారెంట్‌కి వచ్చే ఫ్రాంక్ అనే రిటైర్డ్ పళ్ళ డాక్టర్ న్యూజెర్సీలో ప్రిన్స్‌టన్ దగ్గరికి మకాం మార్చాడు. ఆయన ఇంటి కింద వేల సీసాల నేలమాళిగ ఉందట. అన్నిటికన్నా విలువైన పన్నెండు మాత్రం ర్యాలీలో అద్దెకి తీసుకున్న చల్లటి గదిలో ఉండిపోయాయి. కొరియర్ వాళ్ళ మీద ఆయనకి నమ్మకం లేదు. "నువ్వు తీసుకురా. ఎలా తెస్తావో చూస్తాను. ఆ తరవాత ఉద్యోగం మాట" అని నిత్యతో అన్నాడు. నేలమాళిగ మొత్తం చూసుకునే ఉద్యోగం అది. దానికోసం ఆ పిల్ల ఆరు నెలలుగా నిద్రాహారాలు మానుకుని చదువుతోంది.

నేను ఎలాగూ చెల్లెలి ఇంటికి వెళ్తున్నాను. నా వ్యాన్‌లో వెనక్కి కూడా ఏసీ వస్తుంది. పైగా ముప్ఫై ఏళ్ళు మందుల కంపెనీలో పనిచేశాను, ఏది ఎంత వేడిలో పాడవుతుందో చూడటమే నా ఉద్యోగం. "నాతో రావే" అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని తరవాత చాలాసార్లు అనుకున్నాను.

సోమవారం, క్యారీ

నిత్య తెల్లవారుజామున అయిదింటికే బయలుదేరాలంది. ఎండ ముదిరేలోపు మేరీలాండ్ దాటాలని దాని లెక్క. నేను పంచాంగం చూశాను. ఏడూ ఇరవై దాకా వర్జ్యం. ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. మధ్యలో దొరికే పది నిమిషాల్లో సీసాలు సర్దుకోవడం కూడా అవదు.

"ఆంటీ, నువ్వు కెమిస్ట్‌వి కదా" అంది నిత్య, వాకిట్లో నిలబడి.

"కెమిస్ట్‌కి రాహుకాలం ఉండదని ఎవరు చెప్పారే?"

అది నవ్వలేదు. తొమ్మిదీ అయిదుకి బయలుదేరాం. వ్యాన్‌లో రెండు చెక్కపెట్టెలు, వాటి మీద దుప్పటి, పెట్టెలోకి దూర్చిన థర్మామీటర్ తీగ, నా పులిహోర డబ్బా, చెల్లెలి కోసం తీసుకున్న నాలుగు పాత నూలు చీరలు. అమెరికాలో మెత్తబడ్డ నూలు చీర దొరకదు. మా చెల్లెలికి వేసవిలో అవే కావాలి.

వర్జీనియాలోకి

రోడ్డు మీద మొదటి రెండు గంటలు నాకు పాఠం జరిగింది. పన్నెండు సీసాల్లో మూడు రకాలు, రకానికి నాలుగు. బరోలో, బ్రునెల్లో, అమరోనె. కూడబెట్టుకునే ఇటాలియన్ రెడ్ వైన్ గురించి కొత్తవాళ్ళు తెలుసుకోవాల్సినవి ముందు ఈ మూడేనంది నిత్య.

బరోలో ఇటలీలో పైవైపు, కొండల్లో పండే నెబ్బియోలో అనే ద్రాక్షతో చేస్తారు. రంగు పలచగా ఉంటుంది, చూసి మోసపోతారు. కొత్తలో నోరు పిడచగట్టేంత వగరు. పదేళ్ళు, ఇరవై ఏళ్ళు ఆగితే ఆ వగరు మెత్తబడుతుంది.

"వెలక్కాయలాగా?"

"అదేంటో నాకు తెలీదు ఆంటీ. స్ట్రాంగ్ టీ లాగా అనుకో."

బ్రునెల్లో ఇంకొంచెం కిందికి, టస్కనీలో మోంటాల్చీనో అనే ఊరి చుట్టూ. చెక్క పీపాల్లో ఏళ్ళు గడిపాకే సీసాలోకి పోస్తారు. అమరోనె కోసం ద్రాక్ష కోసి నెలల తరబడి ఆరబెడతారట. నీరు పోయి సారం మిగిలాక అప్పుడు పిండుతారు. అది వినగానే నాకు మాగాయ గుర్తొచ్చింది. ముక్కలు ఎండబెట్టాకే కదా దానికి ఆ రుచి. ఆ మాట అంటే నిత్య మొదటిసారి నవ్వింది.

"కూడబెట్టడమంటే ఊరికే కొని దాచడం కాదు ఆంటీ. పడుకోబెట్టాలి, అప్పుడే కార్క్ తడిగా ఉంటుంది. చీకట్లో ఉంచాలి. టెంపరేచర్ ఊగకూడదు. ఇంకా లేబుల్. లేబుల్ పాడైతే అది ఏ సంవత్సరందో, ఎవరు చేశారో ప్రూఫ్ ఉండదు. ఎంత మంచి వైన్ అయినా కలెక్టర్ ముట్టుకోడు."

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఏం చేయాలని అడిగాను. ఒకే రకం, ఒకే సంవత్సరానివి మూడు కొనుక్కోవాలంది. ఒకటి ఇప్పుడు తాగాలి, ఒకటి అయిదేళ్ళకి, ఒకటి పదేళ్ళకి. తేడా తెలిస్తే పిచ్చి పడుతుంది, తెలియకపోతే డబ్బు మిగులుతుంది.

సరిహద్దు దాటాక పెట్రోల్ బంకులో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతున్నారు. ఉప్పునీళ్ళలో తేలుతూ, అచ్చం మన రైల్వే స్టేషన్ బయట అమ్మేవాటిలాగే. కప్పు నాలుగు డాలర్లు. మా గుంటూరులో ఆ డబ్బుకి గంపెడు వస్తాయి. కౌంటర్ దగ్గరున్న ముసలాయన గరిటెతో తీసి పోస్తూ, "మీ దేశంలో ఇవి ఉన్నాయా?" అని అడిగాడు. మీకన్నా ముందునుంచీ ఉన్నాయన్నాను. ఆయన ఇంకో గరిటెడు ఎక్కువ వేశాడు. నిత్య మాత్రం దిగలేదు. వ్యాన్ ఇంజన్ ఆపనివ్వలేదు కూడా. ఒళ్ళో థర్మామీటర్ పెట్టుకుని కూర్చుంది. అరవై మూడు ఫారెన్‌హీట్ చూపిస్తోంది.

పీటర్స్‌బర్గ్ దాటాక

పీటర్స్‌బర్గ్ దాటి పది నిమిషాలయిందో లేదో, ఏసీలోంచి వచ్చే గాలి వెచ్చబడింది. బటన్లన్నీ నొక్కాను. ఏదో టకటకమని చప్పుడు చేసి, ఆ తరవాత ఉత్త వేడిగాలి కొట్టింది. బయట తొంభై ఏడు డిగ్రీలు.

"రిచ్‌మండ్‌లో ఏదో ఒక హోటల్‌కి పోదాం ఆంటీ. రూమ్ తీసుకుని బాటిల్స్ లోపల పెట్టేద్దాం" అంది నిత్య.

అది సరైన మాట. కానీ నాకు ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో తెలిసిన మెకానిక్ ఉన్నాడు, ఓసారి టైరు మార్చాడు. గంటలో అక్కడుంటాం, మధ్యలో ఆగితే ఇంకా ఆలస్యం అన్నాను. పెద్దదాన్ని, స్టీరింగ్ నా చేతిలో ఉంది. రిచ్‌మండ్‌లోకి తిరిగే ఎగ్జిట్లన్నీ ఒకటొకటిగా వెనక్కిపోయాయి. థర్మామీటర్ అరవై తొమ్మిది చూపించింది.

ఆగిపోయిన రోడ్డు

రిచ్‌మండ్ దాటాక ఇరవై మైళ్ళకి రోడ్డు నిలిచిపోయింది. ముందెక్కడో లారీ అడ్డంగా పడిందట. ముందూ వెనకా కనుచూపు మేర కార్లే. తరవాతి ఎగ్జిట్‌కి ఇంకా అయిదు మైళ్ళుంది. అందరూ ఏసీలు వేసుకుని అద్దాలు బిగించుకున్నారు. మేమిద్దరమే తలుపులన్నీ తెరిచిపెట్టి, చెమటలు కక్కుకుంటూ కూర్చున్నాం.

డెబ్బై నాలుగు. డెబ్బై ఎనిమిది. ఇరవై నిమిషాలకి ఎనభై ఒకటి.

"ఎంతైతే ప్రమాదం?" అని అడిగాను.

"ఎనభై అయిదు దాటితే వైన్ వ్యాకోచించి కార్క్ పైకొస్తుంది. తరవాత కారుతుంది. లోపల ఉడికిన రుచి వస్తుంది. మళ్ళీ బాగవదు." నిత్య అట్ట ముక్కతో పెట్టెలకి విసురుతోంది. విసురుతూనే ఏడుస్తోంది. "నాన్నకి చెప్పాను ఆంటీ. ఈ జాబ్ వస్తే నాతో మాట్లాడతావా అని అడిగాను. చూద్దాం అన్నాడు. రెండేళ్ళలో ఆయన నాతో అన్న పెద్ద మాట అదే."

ఆ మాట విన్నాక వర్జ్యం, రాహుకాలం అని నేను పొద్దున వృథా చేసిన నాలుగు గంటలు లెక్కేసుకున్నాను. అయిదింటికే బయలుదేరి ఉంటే ఈపాటికి న్యూజెర్సీలో ఉండేవాళ్ళం. రిచ్‌మండ్‌లో దాని మాట విన్నా సరిపోయేది.

పన్నెండు కార్ల అవతల ఒక పెద్ద ట్రక్కు కనిపించింది, కోడిమాంసం తీసుకెళ్ళే రిఫ్రిజిరేటర్ ట్రక్కు. నిత్య చటుక్కున దిగి, అడిగొస్తానని రోడ్డు పక్కనుంచి నడుచుకుంటూ వెళ్ళింది.

నేనొక్కదాన్నే మిగిలాను. ఎనభై నాలుగు. బొట్టు కారి కంట్లో పడుతోంది. నా చిన్నప్పుడు మే నెలలో గుంటూరు నుంచి విశాఖకి ప్యాసింజర్ బండిలో వెళ్ళేవాళ్ళం. మా అమ్మ మంచినీళ్ళ చెంబుకి తడి గుడ్డ చుట్టి కిటికీ ఊచలకి కట్టేది. ఎంత వడగాడ్పులోనైనా ఆ నీళ్ళు చల్లగా ఉండేవి. తడి ఆరుతూ లోపలి వేడిని లాక్కుంటుంది. ఇందులో మహత్యం ఏమీ లేదు, కెమిస్ట్రీయే.

చెల్లెలి నాలుగు చీరలూ బయటికి తీసి, ఒక్కొక్కటీ మూడు ముక్కలుగా చింపాను. తాగడానికి తెచ్చుకున్న రెండు గ్యాలన్ల నీళ్ళలో తడిపాను. ఒక్కొక్క సీసానీ తీసి చీర ముక్కలో చుట్టి, పక్కన ఆగి ఉన్న లారీ నీడలో పడుకోబెట్టి, థర్మామీటర్ తీగ ఒక మూటలోకి దూర్చాను. చేతికి దొరికిన మ్యాప్ పుస్తకంతో విసరడం మొదలుపెట్టాను. గుంటూరు ఎండ పొడి ఎండ, వర్జీనియాది జిడ్డు ఎండ. గుడ్డ త్వరగా ఆరదు. అయినా విసరగా విసరగా ఎనభై నాలుగు ఎనభై రెండయింది, తరవాత ఎనభై. నేను చేసినది పనిచేస్తోందని నాకెంత గర్వం వచ్చిందో చెప్పలేను. లేబుళ్ళ మాట నాకు తట్టనే లేదు. పొద్దునంతా పాఠం విన్నదాన్ని, ఒక్క క్షణం కూడా తట్టలేదు.

అరగంట తరవాత నిత్య పరుగెత్తుకుంటూ వచ్చింది. వెనక ట్రక్కు డ్రైవర్ కూడా వస్తోంది, లొరెట్టా అనే పెద్దావిడ. "వెనక తలుపుకి సీలుంది, తీయకూడదు. కానీ నా కేబిన్‌లో ఏసీ ఉంది, అక్కడ పెట్టుకోండి" అని స్వయంగా చెప్పడానికి ఎండలో నడిచి వచ్చింది. సరిగ్గా అప్పుడే ముందు కార్లు కదిలాయి. ఆవిడ "గాడ్ బ్లెస్ యూ" అంటూ తన బండి వైపు పరుగెత్తింది.

నిత్య రోడ్డు పక్కన వరసగా పడుకున్న పన్నెండు చీర మూటల్నీ చూసింది.

"ఇదేంటి ఆంటీ?"

"డెబ్బై తొమ్మిదికి దిగిందే, చూడు."

అది థర్మామీటర్ చూడలేదు. ఒక మూట చేతిలోకి తీసుకుని వేళ్ళతో తడి నొక్కి చూసింది. వెనకనుంచి హారన్లు మోగుతున్నాయి. మూటలన్నీ గబగబా ఎక్కించేసింది.

ఫ్రెడరిక్స్‌బర్గ్, మోటెల్

మెకానిక్ వ్యాన్ ముందు భాగం ఎత్తి చూసి, కంప్రెసర్ పోయింది, కొత్తది రెండు రోజులకి గాని రాదన్నాడు. దగ్గర్లోనే మోటెల్‌లో గది తీసుకున్నాం. మోటెల్ ఆయన కౌంటర్ మీద తన పెరట్లో కాసిన టొమాటోలు పెట్టుకున్నాడు, వచ్చినవాళ్ళకి తలా ఒకటి ఇస్తున్నాడు. మరో రోజైతే ఆయనతో గంట కబుర్లు చెప్పేదాన్ని.

గదిలో ఏసీ అరవైకి పెట్టి నిత్య మంచం మీద మూటలు విప్పింది. మొదటి సీసా నున్నగా బయటికొచ్చింది. దాని లేబుల్ చీరకి అతుక్కుని ఉంది. రెండోదాని లేబుల్ సగం సీసాకి, సగం చీరకి. మూడోదాని మీద అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. పన్నెండులో ఒక్కటి కూడా పూర్తిగా దక్కలేదు. ఎక్కడో కొండల్లో ఎవరి తాతో చేసిన వైన్ పేరు మా చెల్లెలి ఆకుపచ్చ గళ్ళ చీర మీద తిరగబడి అచ్చయింది.

కుర్చీలో కూలబడ్డాను.

"నిత్యా, నేను చేశానని ఆయనకి నేనే చెప్తాను. లేదంటే దారిలో పెద్ద వాన పడిందని..."

"అబద్ధం వద్దు ఆంటీ." అది నా వైపు చూడలేదు. సీసాలు ఒక్కొక్కటే దీపానికి ఎదురుగా పట్టుకుని చూసి పడుకోబెట్టింది. భుజాలు వాలిన సీసాలు బరోలో. భుజాలు నిటారుగా ఉన్నవి బ్రునెల్లో. అలాగే ఉండి బరువెక్కువ ఉన్నవి అమరోనె. మోటెల్ కాగితం చింపి, రాసి, మెడలకి దారంతో కట్టింది. సంవత్సరం రాయాల్సిన చోట కొన్నిటికి ప్రశ్నార్థకం పెట్టింది.

"నువ్వు వైన్‌ని సేవ్ చేశావేమో. అది తెరిస్తే గాని తెలీదు" అంది చివరికి. "కానీ నన్ను అడగాల్సింది."

అవును, అడగాల్సింది. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఏ మందు సీసా లేబుల్‌కీ చుక్క నీరు తగలనివ్వని మనిషిని నేను. ఆ సాయంత్రం పులిహోర డబ్బా మూత తీయకుండానే ఉండిపోయింది.

మంగళవారం, డెలావేర్ వంతెన

ఏసీ బాగుచేయించకుండానే తెల్లవారుజామున నాలుగున్నరకి బయలుదేరాం. పంచాంగం చూడలేదు. కిటికీలు తెరిచి, చల్లగాలిలో వాషింగ్టన్ చుట్టూ తిరిగి, బాల్టిమోర్ దాటి, ఎనిమిదింటికి డెలావేర్ వంతెన ఎక్కాం. థర్మామీటర్ డెబ్బై ఒకటి దాటలేదు. అవతలి ఒడ్డున రెస్ట్ ఏరియాలో కాఫీ తాగాను. రెండు కాఫీలూ ఒక రొట్టె పదహారు డాలర్లు, ఉత్తరానికి వచ్చేశామని ధర చూస్తేనే తెలిసిపోతుంది. నిత్య కాఫీ ముట్టలేదు. ఫోన్‌లో వాళ్ళ నాన్న నంబరు తెరిచి చూసి, మళ్ళీ మూసేసింది.

ఫ్రాంక్ ఇల్లు

ఫ్రాంక్ పొడుగ్గా, తెల్లగడ్డంతో, చెప్పుల్లేకుండా వాకిట్లో ఎదురుచూస్తున్నాడు. సీసాలు వంటింటి బల్ల మీద పెట్టగానే ఆయన ముఖం గట్టిపడింది.

"ఏమైంది?"

నేను నోరు తెరిచేలోపే నిత్య చెప్పేసింది. "ఏసీ చెడిపోయింది. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. వేడెక్కుతుంటే తడి గుడ్డలు చుట్టాం. బాధ్యత నాది."

"ఎవరు చుట్టారు?"

"నేనే."

నేను కదలబోతే బల్ల కింద నా మణికట్టు పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి చల్లగా, గట్టిగా ఉంది. నేను ఆగిపోయాను. ఆ క్షణంలో నోరు మూసుకున్నందుకు నాకింకా సిగ్గుగానే ఉంది.

ఫ్రాంక్ ఒక్కొక్క సీసా కార్క్ మీద బొటనవేలు పెట్టి చూశాడు. ఏదీ పైకి రాలేదు. మెడకి కట్టిన చీటీలు చదివాడు. చాలాసేపటికి బరోలో అని రాసిన సీసా ఒకటి తీసి కార్క్ లాగాడు. కార్క్ మీద సంవత్సరం అచ్చేసి ఉంది. నిత్య రాసినదానికి ఒక ఏడాది తేడా. మూడు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోశాడు. నాకూ ఒకటి జరిపాడు. వద్దనడానికి ధైర్యం చాలలేదు.

రంగు పాత ఇటుకలా, పలచగా ఉంది. ఒక గుటక వేశాను. ముందు పులుపు, వెంటనే చిగుళ్ళు పట్టేసే వగరు. మింగాక ఎక్కడో ఎండిన గులాబీల వాసన. నాకు నచ్చిందని చెప్పను, కానీ రెండో గుటక కూడా వేశాను.

ఫ్రాంక్ కళ్ళు మూసుకుని నోట్లో తిప్పుకున్నాడు. మింగాడు. "ఉడకలేదు. బతికే ఉంది" అన్నాడు. ముఖం కొంచెం వదులయింది. "నా దగ్గర పనిచేయడానికి వచ్చిన నలుగురిలో ఎవరైనా లేబులే కాపాడేవాళ్ళు. నువ్వు లేబుల్ పోయినా ఫరవాలేదని వైన్‌ని కాపాడావు. నాకు అలాంటి మనిషే కావాలి."

నా ప్రాణం లేచొచ్చింది. నిత్య మాత్రం తన గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"అది నేను చేయలేదు" అంది. "ఆంటీ చేసింది. నేను అప్పుడు అక్కడ లేను. ఉంటే చేయనిచ్చేదాన్ని కాదు. లేబుళ్ళే కాపాడేదాన్ని."

నాకు ఆ పిల్లని పట్టుకుని కుదిపేయాలనిపించింది. దక్కిన ఉద్యోగాన్ని చేతులారా జారవిడుచుకుంటోంది. నింద వస్తే నాదంది, మెప్పు వచ్చేసరికి కాదంటోంది.

ఫ్రాంక్ నా వైపు చూశాడు. తల ఊపాను, మా చెల్లెలి చీరలేనన్నాను.

"మళ్ళీ ఇలాగే జరిగితే ఏం చేస్తావు?" అని నిత్యని అడిగాడు.

"ముందు లేబుల్ మీద ప్లాస్టిక్ ఫిల్మ్ చుడతాను. దాని మీద తడి గుడ్డ. అసలు దానికన్నా ముందు రిచ్‌మండ్‌లోనే ఆపుతాను. డ్రైవింగ్ నేనే చేస్తాను."

చివరి మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది.

ఫ్రాంక్ లేచి గోడకున్న తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. మిగిలిన పదకొండు ఎక్కడ పెట్టాలో నువ్వే చూసుకో అన్నాడు. కింద లేబుల్ పోయినవి ఇంకో రెండొందలున్నాయి, ఏ మూలన ఏముందో ఆయనకే గుర్తులేదట. నిత్య తాళంచెవి తీసుకుని పెట్టె ఎత్తుకుని మెట్లు దిగింది.

గంట గడిచింది. ఫ్రాంక్ నాకు టీ పెట్టిచ్చాడు, పాలు వేరుగా. కిందనుంచి సీసాలు జరుపుతున్న చప్పుడు, మధ్యమధ్యలో పెన్సిల్ గీతల చప్పుడు. చెల్లెలు రెండుసార్లు ఫోన్ చేసింది, వంకాయ కూర చల్లారిపోతోందని. నేను మెట్ల దగ్గరికి వెళ్ళి, "నిత్యా, పోదామా?" అని పిలిచాను.

అది మెట్ల కింద కనబడింది. మోచేతులదాకా దుమ్ము, చెవి మీద పెన్సిల్, చెంపకి ఆనించుకున్న ఫోన్. ఒక్క నిమిషం నాన్నా, అని ఫోన్‌లో చెప్పి నా వైపు తలెత్తింది.

"నువ్వు వెళ్ళు ఆంటీ. నాకిక్కడ పనుంది."